ఎండ తిన్న హెడ్‌లైట్లు

కారు హెడ్‌లైటు మసకబారిందని బెంగపడేవాళ్లకు నేను ముందు చెప్పే మాట ఒకటే: దాని మీద చెంబెడు నీళ్లు పొయ్యండి. నీళ్లు పడగానే అద్దం తేటపడి లోపలి బల్బు కనిపించిందంటే పాడైంది పైపొరే. ఓ పూట ఓపిక పడితే ఇంట్లోనే బాగుచేసుకోవచ్చు. నీళ్లు పోసినా మబ్బు అలాగే ఉందంటే తేడా లోపల ఉంది. ఇక పైన ఎంత రుద్దినా చెయ్యి నొప్పే మిగులుతుంది.

చెంబెడు నీళ్లకు ఇంత తెలివి ఎక్కడిదంటారా? తడిసిన పంచెలోంచి ఒళ్లు కనిపిస్తుంది కదా, ఇదీ అదే సంగతి. పొడి పంచెలో దారాల సందుల్లో గాలి ఉంటుంది. గాలి నుంచి నూలులోకి, నూలు నుంచి గాలిలోకి పోయే వెలుగు అడుగడుక్కీ దారి తప్పి చెదిరిపోతుంది. గాలి పోయి నీరు చేరితే ఆ చెదురు తగ్గుతుంది. హెడ్‌లైటు అద్దం గరుకెక్కి సన్న సన్న గుంటలు పడినప్పుడు జరిగేదీ ఇదే. వక్రీభవన గుణకం గాలికి 1, నీటికి 1.33, హెడ్‌లైటు అద్దం తయారయ్యే పాలీకార్బొనేట్ ప్లాస్టిక్‌కి సుమారు 1.58. గుంటల్లో నీరు నిండితే ప్లాస్టిక్‌కీ దాని పక్కనున్న పదార్థానికీ తేడా తగ్గి వెలుగు దాదాపు నేరుగా పోతుంది. అయితే నీళ్లకు మసక పోతుంది గానీ పసుపు పోదు. మసక గరుకుదనం వల్ల వచ్చేది, పసుపు రసాయన మార్పు వల్ల వచ్చేది. రెండూ కలిసే వస్తాయి కాబట్టి మనకు ఒకటే అనిపిస్తాయి.

ఉద్యోగమంతా ఇంటర్ పిల్లలకు కెమిస్ట్రీ చెప్పి బెజవాడలో రిటైరైనవాణ్ణి. సెల్లార్లో నా కారు లైట్లు నేనే రుద్దుకోవడం చూసి, మా అపార్టుమెంటువాళ్లు తమ కార్లు కూడా తెచ్చి పక్కన పెడుతుంటారు. అందరూ అడిగేది ఒకటే: “పసుపు ఎలా పోతుంది మేష్టారూ?” పసుపు పోగొట్టడం ఎవరికైనా చేతనవుతుంది. పోగొట్టిన రోజు నుంచి ఆ అద్దాన్ని ఎండకు ఎలా ఓర్చుకునేట్టు చేయాలన్నదే పని. దాన్ని మాత్రం ఎవరూ అడగరు.

గాజు పోయి ప్లాస్టిక్ వచ్చింది

పాత అంబాసిడర్ గుర్తుందా? ఆ గుండ్రటి లైట్లకు గాజు అద్దాలుండేవి. బాడీ తుప్పు పట్టినా, సీట్లు చిరిగి పీచు బయటికొచ్చినా, లైట్ల అద్దాలు పసుపెక్కేవి కావు. రాయి తగిలితే పగిలేవి, అంతే.

ఇప్పటి కార్లకు గాజు లేదు. 1953లో జర్మనీలో బేయర్ కంపెనీలో పనిచేసే హెర్మన్ ష్నెల్, అదే ఏడు అమెరికాలో జనరల్ ఎలక్ట్రిక్‌లో పనిచేసే డేనియల్ ఫాక్స్, ఒకరి సంగతి ఒకరికి తెలియకుండానే పాలీకార్బొనేట్‌ను తయారు చేశారు. గాజు బరువులో ఇది సగం. రాయి దెబ్బకు ఓ పట్టాన పగలదు. ఎటు కావాలంటే అటు వంపు తిప్పి పోత పోసుకోవచ్చు. అమెరికాలో 1983లో నిబంధనలు మారాక, 1984 మోడల్ లింకన్ కాంటినెంటల్ మార్క్ సెవెన్ అక్కడ ఈ కొత్త తరహా లైట్లతో వచ్చిన మొదటి కారు. తర్వాత ప్రపంచమంతా అదే దారి పట్టింది. బంపరు మీద మొదలై ఫెండరు మీదికి పాకే లైట్లు గాజుతో సాధ్యమయ్యేవి కావు.

ఈ ప్లాస్టిక్‌కి ఎండే గండం. ఎండలోని అతినీలలోహిత కిరణాలను ఇది అవతలికి పోనివ్వకుండా పైపొరలోనే మింగేస్తుంది. కళ్లజోళ్లకు ఇది పనికొచ్చేది అందుకు కూడా. కానీ మింగింది దానికి అరగదు. ఆ శక్తికి అణువుల గొలుసులో కార్బొనేట్ లంకెలు తెగిపోతాయి, కొన్ని వేరే తీరుగా అతుక్కుంటాయి, గాలిలోని ఆక్సిజన్ కూడా తోడవుతుంది. అలా పుట్టిన కొత్త అణువులు నీలం వెలుగును పీల్చుకుంటాయి. తెల్లటి వెలుగులోంచి నీలం తీసేస్తే మిగిలేది పసుపు.

మనకు కలిసొచ్చేది కూడా ఇక్కడే ఉంది. కిరణాలన్నీ పైనే ఆగిపోతాయి కాబట్టి పాడయ్యేది మిల్లీమీటరులో చాలా చిన్న భాగం. దాని కిందున్న ప్లాస్టిక్ ఫ్యాక్టరీ నుంచి వచ్చిన రోజున ఎలా ఉందో అలాగే ఉంటుంది. గీకితే బయటపడేది అదే.

ఈ గండం తయారీదారులకు తెలియనిది కాదు. అందుకే ప్రతి హెడ్‌లైటు మీదా కొన్ని మైక్రాన్ల మందాన, అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతుల లెక్కన, గట్టి పారదర్శకమైన కోటు వేసి పంపుతారు. గీతలు పడకుండా, అతినీలలోహిత కిరణాలు ప్లాస్టిక్‌ను తాకకుండా కాపాడేది అదే. ఏళ్ల తరబడి ఎండ కాసి కాసి అది నీరసిస్తుంది. సన్నగా చిట్లుతుంది, పొలుసులుగా లేస్తుంది. కోటు ఊడిన చోట ప్లాస్టిక్ దిక్కులేనిదవుతుంది.

ఒక కారుకున్న రెండు లైట్లూ ఒకే తీరుగా పాడవ్వవు. ఎప్పుడూ ఎండలో ఒకే చోట నిలిపే కారును చూడండి. ముందుభాగం పడమటికి పెట్టి నిలిపితే ఎడమ లైటు దక్షిణానికి ఉంటుంది. మన ప్రాంతంలో నడివేసవి తప్పిస్తే ఏడాదిలో ఎక్కువ కాలం మధ్యాహ్నపు సూర్యుడు దక్షిణం వైపే కదా, ఆ లైటే ముందు పసుపెక్కుతుంది.

ఎడమ లైటు మసకబారితే ఏం పోయిందంటారా? మనం ఎడమ పక్కన నడుస్తాం కాబట్టి మన కార్ల లో బీమ్‌ను ఎదుటివాడి కళ్లలో పడకుండా కుడివైపు దించి, రోడ్డు అంచు కనిపించేలా ఎడమవైపు కాస్త ఎత్తి తయారు చేస్తారు. రాత్రిపూట మనకు కొంప ముంచేవన్నీ ఆ అంచునే ఉంటాయి. వెనక లైటు లేని ట్రాక్టరు ట్రక్కు, సైకిలు మీద ఇంటికెళ్లే కూలీ, కోతల కాలంలో తారురోడ్డు మీదే ఆరబోసిన ధాన్యం, దాని చుట్టూ కాపలాగా పేర్చిన రాళ్లు. కృష్ణా, గుంటూరు జిల్లాల్లో రాత్రిపూట బండి నడిపినవాళ్లకు ఆ రాళ్ల సంగతి విడమరిచి చెప్పక్కర్లేదు.

అమెరికన్ ఆటోమొబైల్ అసోసియేషన్ 2018లో బయటపెట్టిన పరీక్షల్లో, మసకబారి పసుపెక్కిన హెడ్‌లైట్లు కొత్తవి ఇచ్చే వెలుగులో 20 శాతమే ఇచ్చాయి. బాగుచేశాక అది 70 శాతం దాకా వచ్చింది. మిగతా వెలుగు ఎక్కడికి పోయిందని చూస్తే, కొంత అద్దమే పీల్చుకుంటుంది, కొంత చెదిరి ఎదుటివాడి కళ్లలో పడుతుంది. వెలుగు చాలడం లేదని ఎక్కువ వాట్ల బల్బు వేయించుకునేవాళ్లు ఈ ముక్క గుర్తుపెట్టుకోవాలి. మసక అద్దం వెనక పెద్ద బల్బు పెడితే చెదిరే వెలుగే పెరుగుతుంది. పైగా ఆ వేడికి హోల్డరు మాడుతుంది, లోపలి వెండిపూత నల్లబడుతుంది.

పేస్టులు, నూనెలు, ఆవిరి కప్పులు

పళ్ల పేస్టు గురించి అందరూ అడుగుతారు. పేస్టులో ఉండేది సన్నటి సుద్దో, సిలికానో. అది మెత్తటి పాలిష్‌లా పనిచేస్తుంది. కాస్త మసక ఉన్న లైటును తేటగా చేస్తుంది కూడా. మందంగా పట్టిన పసుపు దాంతో కదలదు. కదిలినా పైన రక్షణ ఏమీ ఉండదు కాబట్టి నెలల్లో మొదటికొస్తుంది.

నూనె రాస్తే వెంటనే తళతళలాడుతుంది. మనం చెంబుతో చేసిన పనే నూనె చేస్తుంది, కాకపోతే నీళ్లంత తొందరగా ఆరదు. సెకండ్ హ్యాండ్ కారు కొనేటప్పుడు లైట్లు మరీ మెరిసిపోతుంటే, షాంపూ నీళ్లతో కడిగి, పొడిగుడ్డతో తుడిచి అప్పుడు చూడండి. దోమల మందు కొట్టి తుడిస్తే తేటపడుతుందని చెప్పేవాళ్లున్నారు. ఆ మందుల్లో చాలావాటిలో ఉండే డీట్ అనే రసాయనం ప్లాస్టిక్ పైపొరను మెత్తబరిచి కరిగిస్తుంది. తేటదనం కొన్నాళ్లు, పగుళ్లు శాశ్వతం. థిన్నరు, పెట్రోలు, ఎసిటోన్ కూడా పాలీకార్బొనేట్ దగ్గరికి రానివ్వకూడదు. అద్దం లోపల సాలెగూడు పరిచినట్టు సన్న బీటలు పడితే ఏ పాలిష్‌కీ పోవు.

ఆన్‌లైన్లో కరెంటు కప్పు ఒకటి అమ్ముతారు. అందులో ద్రవం పోసి వేడిచేసి, వచ్చే ఆవిరిని లైటుకు పట్టిస్తే క్షణాల్లో అద్దంలా అయిపోతుంది. చూడముచ్చటగా ఉంటుంది, అందుకే వీడియోలు అంతగా తిరుగుతాయి. ఆ ద్రవం చాలావాటిలో క్లోరోఫామో, డైక్లోరోమీథేనో. రెండూ ఊపిరితో లోపలికి పోకూడనివి. వాటి ఆవిరి బాగా వేడెక్కినా, మంట తగిలినా ఫాస్‌జీన్ పుట్టే ప్రమాదం ఉంది. మొదటి ప్రపంచయుద్ధంలో సైనికుల మీద వదిలిన విషవాయువు అది. పాలీకార్బొనేట్‌ను ఫ్యాక్టరీలో తయారు చేసే పాత పద్ధతిలోనూ ముడిసరుకు ఫాస్‌జీనే, కానీ అక్కడ దాన్ని మూసిన పైపుల్లో బంధించి వాడతారు. సెల్లార్లో పిల్లలు ఆడుకునే చోట అలాంటి పనులు వద్దు.

వాటర్ పేపర్ పని

పనికి కావలసినవి తక్కువే. ఆటోనగర్లో ఏ పెయింటు కొట్టుకెళ్లినా దొరికేవే: 600, 1000, 1500, 2000, 3000 నంబర్ల వాటర్ పేపర్లు, మాస్కింగ్ టేపు, రబ్బింగ్ కాంపౌండ్, మెత్తటి మైక్రోఫైబర్ గుడ్డలు. ఇంట్లోంచి ఒక బకెట్టు, గిన్నెలు తోమే లిక్విడ్ రెండు చుక్కలు.

పని నీడలో, ఉదయం పూట పెట్టుకోండి. రోహిణి కార్తెలో మాత్రం వద్దు. కాలిన అద్దం మీద నీళ్లు నిలవవు, చివర్లో పైన వేసే కోటు సర్దుకోకముందే ఆరిపోతుంది. వానాకాలపు తేమలో కోటు పాలలా తెల్లబడుతుంది. దసరా వానలు వెనక్కి తగ్గాక సంక్రాంతి దాకా మంచి కాలం.

కారు కడిగి, లైటు చుట్టూ బానెట్టు, ఫెండరు, బంపరు అంచుల మీద మాస్కింగ్ టేపు రెండు మూడు వరసలు వేయండి. పేపరు ఒక్కసారి జారి పెయింటు మీద పడితే ఆ గీతలు లైటు కంటే ముందు కళ్లకు కొడతాయి. పేపర్లు పది నిమిషాలు నానబెట్టండి. కోటు పొలుసులుగా లేచి ఉంటే 600తో మొదలుపెట్టాలి. పసుపు మాత్రమే ఉండి కోటు ఇంకా నున్నగా ఉంటే 1000 చాలు.

మొదటి పేపరే అసలైన పేపరు. నీళ్లు చిలకరిస్తూ, అరచేతి ఒత్తిడి సమానంగా పడేలా, అడ్డంగా రుద్దండి. కాసేపటికి పేపరు కింద నుంచి పల్చటి మజ్జిగలాంటిది కారడం మొదలవుతుంది. దాని రంగు కనిపెట్టుకుని ఉండండి. మొదట్లో పసుపు కలిసి మట్టిగా ఉంటుంది. రుద్దగా రుద్దగా పసుపు విరిగి శుద్ధ తెలుపుకు వస్తుంది. కారే నీరు తెల్లబడిందంటే పాడైన ప్లాస్టిక్ దాటి మంచి ప్లాస్టిక్ దగ్గరికి చేరారన్నమాట. నీళ్లతో కడిగి, తుడిచి, ఆరనిచ్చి చూడండి. పాత కోటు మిగిలిన చోట దాని అంచు మ్యాపులో సరిహద్దు గీతలా కనిపిస్తుంది, గోరు ఆడిస్తే తగులుతుంది. ఆ గీత అంగుళం మిగిలి ఉన్నా పేపరు మార్చకండి. తర్వాతి పేపర్లకు దాన్ని తీసే సత్తా లేదు, కోటు వేశాక అది ఇంకా బాగా కనిపిస్తుంది.

ఈ దశలో లైటు మొదటికన్నా ఘోరంగా, ముగ్గు చల్లినట్టు తెల్లగా ఉంటుంది. చూడటానికొచ్చినవాళ్లు “అయ్యో, పాడుచేశారే” అనడం ఇక్కడే. పట్టించుకోకండి. 1000తో నిలువుగా, 1500తో అడ్డంగా, 2000తో మళ్లీ నిలువుగా రుద్దండి. ఇలా దిశ మార్చడంలో ఒక లాభం ఉంది. నిలువుగా రుద్దేటప్పుడు అడ్డగీత ఒక్కటి మిగిలినా కంటికి దొరికిపోతుంది. పేపరు మార్చిన ప్రతిసారీ బకెట్లో నీళ్లు కూడా మార్చాలి. పాత పేపరు నుంచి రాలిన రేణువు ఒక్కటి చాలు కొత్త గీత పడటానికి. సెల్‌ఫోన్ టార్చి పక్కవాటుగా వేసి చూస్తే గీతలన్నీ బయటపడతాయి.

డ్రిల్లు మిషన్‌కి ప్యాడు తగిలిస్తే శ్రమ తగ్గుతుంది. కానీ ఒకే చోట ఆపితే ప్లాస్టిక్ వేడెక్కి మెత్తబడి అలలు తేలుతుంది. మొదటిసారి చేసేవాళ్లకు చెయ్యే మేలు.

కోటు వేయని పని సగం పనే

ఆటోనగర్లో డెంటింగ్, పెయింటింగ్ షెడ్డు నడిపే నా పాత విద్యార్థి ఒకడున్నాడు. కెమిస్ట్రీలో వాడికొచ్చిన మార్కుల సంగతి ఇక్కడ అనవసరం. హెడ్‌లైట్ల గురించి వాడు చెప్పిన మాట నా పాఠాలన్నింటికన్నా సూటిగా ఉంది. “గీకడం ఎవడైనా గీకుతాడు సార్. పైన కోటు లేకపోతే ఎండ మళ్లీ తినేస్తుంది. ఈసారి ఇంకా తొందరగా తింటుంది.”

ఎందుకు తొందరగా అంటే, పేపరుతో మనం తీసేసింది పసుపొక్కటే కాదు, ఫ్యాక్టరీ కోటులో మిగిలిన కాస్త రక్షణ కూడా. అద్దం ఇప్పుడు తేటగా, నగ్నంగా ఉంది. ఇలా వదిలేసిన లైట్లు మన ఎండలకు ఒక్క వేసవిలో మసకబారతాయి.

పైన వేయడానికి మూడు దారులున్నాయి. తేలికైనది మైనం, లేదా కిట్లలో వచ్చే సీలెంటు. 3000 పేపరు, ఆపైన కాంపౌండ్‌తో మెరుపు తెచ్చి, గుడ్డతో పూయడమే. కానీ ఒకటి రెండు నెలలకోసారి మళ్లీ రాస్తూ ఉండాలి. ఓపిక ఉన్నవాళ్లకు ఇది చాలు.

రెండోది కారు పెయింటుకు అంటించే పారదర్శకమైన ఫిల్ము, పీపీఎఫ్ అంటారు. దీనికి కూడా ముందు అద్దాన్ని పూర్తిగా మెరిపించాలి. తర్వాత సబ్బునీళ్లు చల్లి, ముక్క పరిచి, రబ్బరు పలకతో నీరు బయటికి నెట్టాలి. వంపు ఎక్కువున్న లైట్లకు ముడతలు రాకుండా వేయడం చేయి తిరిగినవాళ్ల పని. పాడైనప్పుడు పీకేసి కొత్తది వేసుకోవచ్చు, మళ్లీ గీకే పని ఉండదు.

మూడోది ఎక్కువ కాలం నిలిచేది, జాగ్రత్త కూడా ఎక్కువ కావలసినది: టూకే క్లియర్ కోటు. స్ప్రే డబ్బాలో క్లియర్, హార్డెనర్ విడివిడిగా ఉంటాయి. అడుగునున్న మీట నొక్కితే రెండూ కలుస్తాయి. కలిసిన డబ్బా ఒకటి రెండు రోజుల్లో గట్టిపడిపోతుంది కాబట్టి రెండు లైట్లూ సిద్ధమయ్యాకే నొక్కాలి. కొనేటప్పుడు అతినీలలోహిత కిరణాలను ఆపేదో కాదో డబ్బా మీద చూసుకోండి. దీనికి కాంపౌండ్ అక్కర్లేదు, అద్దాన్ని మెరిపించకూడదు కూడా. 1500 లేదా 2000 దగ్గర ఆపేయాలి, ఆ సన్న గరుకే కోటుకు పట్టు. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి, ఆరాక, అడుగు దూరం నుంచి చెయ్యి ఆపకుండా పల్చగా ఒక వరస కొట్టండి. పది నిమిషాలాగి ఇంకో వరస. మొదటి వరస పడుతుంటేనే ముగ్గులా ఉన్న అద్దం కళ్ల ముందే తేటపడుతుంది. గీతల గుంటల్లో ద్రవం నిండుతోంది మరి. నీళ్లు ఆరిపోతాయి, ఇది గట్టిపడి అక్కడే ఉండిపోతుంది. పూర్తిగా ఎండకముందే మాస్కింగ్ టేపు ఏటవాలుగా, నెమ్మదిగా లాగేయండి. ఎండాక లాగితే అంచులు లేస్తాయి. ఒక రోజు నీళ్లు తగలనివ్వకండి.

జాగ్రత్త దేనికంటే, ఆ హార్డెనర్లో ఐసోసయనేట్లు ఉంటాయి. పీలిస్తే ఊపిరితిత్తుల మీద పడతాయి, ఆస్తమా కూడా తెస్తాయి. కరోనా రోజుల్లో వాడిన గుడ్డ మాస్కులు దీనికి పనికిరావు. రసాయన ఆవిరిని ఆపే కార్ట్రిడ్జ్ మాస్కు ఉండాలి, ఆరుబయట కొట్టాలి. అంత హంగు ఇంట్లో లేకపోతే, గీకే పని మీరు చేసుకుని కోటు మాత్రం పెయింటింగ్ షెడ్డులో వేయించుకోండి. నేను చేసేదీ అదే. చాకిరీ అంతా గీకడంలోనే ఉంది కాబట్టి దానికయ్యే కూలి మనకు మిగులుతుంది, స్ప్రే గన్ను పట్టే చెయ్యి వాళ్లది.

ఎప్పుడు వదిలేయాలి

కొన్ని లైట్లకు ఈ పని దండగ. లోపల నీరు చేరితే సీలు పోయిందో, వెనక రబ్బరు మూత సరిగా కూర్చోలేదో చూడాలి. చలికాలం పొద్దున్నే కనిపించి, లైటు వేస్తే పోయే పల్చటి ఆవిరికి కంగారు పడక్కర్లేదు. లోపలి వెండిపూత మాడి నల్లబడినా, అద్దం మందంలోపల సన్న బీటలు కమ్మినా డూమ్, అంటే లైటు మొత్తాన్నీ, మార్చడమే దారి. సాదా హాలోజన్ లైటున్న చిన్న కార్లకు డూమ్ కొన్ని వేలతో పోతుంది. ఎల్‌ఈడీ లైట్లున్న కార్లకు పదుల వేలు కావచ్చు. అలాంటి కార్లవాళ్లు పసుపెక్కాక గీకడం కంటే, కొత్తగా ఉన్నప్పుడే ఫిల్ము వేయించుకోవడం తెలివి.

అంతా అయ్యాక చీకటి పడనిచ్చి కారును గోడకు ఎదురుగా నిలిపి లో బీమ్ వేయండి. ఇన్నాళ్లూ గోడంతా అలుముకున్న వెలుగుకు ఇప్పుడు పైన అంచు తేలుతుంది. ఆ అంచు ఎక్కువ ఎత్తున కనిపిస్తే డ్యాష్‌బోర్డు మీద లైటు దించే చక్రం తిప్పండి, అది లేకపోతే మెకానిక్కు చూపించండి. మసక అద్దం వెనక దాగిన తప్పు ఎత్తు, అద్దం తేటపడ్డాక ఎదుటివాళ్ల కళ్లలో గుచ్చుకుంటుంది. ఇక రోడ్డెక్కాక ఎదురుగా బండి వస్తే డిప్పర్ కొట్టడం మర్చిపోకండి. తేట లైట్లు చేయించుకుని దారి పొడుగునా హై బీమ్‌లో పోయేవాడికన్నా పసుపు లైట్లవాడే నయం.